మూడో అంతస్తులో రోమన్ రాజ్యాంగం

శనివారం, అక్టోబరు రెండో వారం. రాత్రి భోజనానికి ఉన్నవారు: నేను, మా ఆయన మూర్తి, మా అమ్మాయి సుధ, మనవరాలు మీరా, అతిథి భాస్కరం గారు. అల్లుడు ఊళ్ళో లేడు. స్థలం: కమ్మింగ్‌లో సుధ వాళ్ళ ఇల్లు, రిటైరయ్యాక మేమూ ఇక్కడే ఉంటున్నాం. వండినవి: గుత్తివంకాయ కూర, టమాటా పప్పు, పెరుగు పచ్చడి. వండినవారు: సుధ, నేను.

నా డైరీలో ప్రతి పేజీ ఇలాగే మొదలవుతుంది. పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఎవరెవరున్నారో ముందు రాసుకుంటే, ఏం జరిగిందో రాయడం తేలికవుతుంది. ఆ శనివారం మాత్రం ఈ నాలుగు ముక్కలూ రాసి కలం మూత పెట్టేశాను. కోపం. అదైనా ఆ రోజు పుట్టింది కాదు. నేను ఈ దేశానికి వచ్చిన మొదటి ఏడాది, జెర్సీ సిటీలో, ఒక లాండ్రీ షాపు పైన మూడో అంతస్తులో పుట్టిన కోపం. దాని గురించి ఇన్నేళ్ళలో ఎక్కడా పూర్తిగా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

భాస్కరం గారు మా ఆయనకి చదువుకునే రోజుల నుంచీ స్నేహితుడు. జీవితమంతా మాన్‌హాటన్ బ్యాంకుల్లో పనిచేశారు కానీ ఆయన మనసు ఎప్పుడూ రోమ్‌లోనే ఉండేది. ఎకనామిక్స్‌లో ఎం.ఎస్. చేసేటప్పుడు యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు తిరిగి అరల్లో సర్దే పని దొరికింది. సర్దాల్సిన పుస్తకాలు చదువుతూ కూర్చునేవారు. పాత రోమన్లు ఎలా తిన్నారు, ఎలా ఓట్లేశారు, ఎలా కొట్టుకున్నారు అన్నది ఆయనకి పక్కింటి కబుర్లలా తెలుసు. ఇప్పుడు ఆయన తెలుగువాళ్ళ సభల్లో ఆ కబుర్లు చెబుతారు, జనం బాగా నవ్వుతారు. కమ్మింగ్‌లో పిల్లల ఆదివారం తెలుగు బడివాళ్ళు అందుకే పిలిచారు. మర్నాడు ఉదయం పిల్లలకి చెప్పబోయేదంతా శనివారం రాత్రి మా భోజనాల బల్ల దగ్గర ఒకసారి చెప్పి చూసుకున్నారు. మీరా హైస్కూల్లో రోమన్ల భాష లాటిన్ తీసుకుంది కాబట్టి ఆయనకి మంచి శ్రోత దొరికింది.

బాగా చెబుతారు, ఆ మాట ఒప్పుకోవాలి. రోమ్‌లో పదవికి నిలబడ్డవాడు తన వస్త్రానికి సుద్ద రాయించి తెల్లగా మెరిసేలా చేసుకుని వీధిలో తిరిగేవాడట. బట్టలుతికే దుకాణాలవాళ్ళు వీధి మూలల్లో కుండలు పెట్టి, దారిన పోయేవాళ్ళ మూత్రం పోగుచేసి, దానితో మరకలు వదిలించేవారట. ఒక చక్రవర్తి ఆ మూత్రం మీద కూడా పన్ను వేశాడట. ఆడపిల్లలకి విడిగా పేరు పెట్టేవారు కాదట. తండ్రి వంశం పేరే కూతుళ్ళందరిదీ. ఇద్దరుంటే పెద్దది, చిన్నది, ఇంకా ఉంటే మూడోది, నాలుగోది. పెద్దమనుషుల వెనకాల ఒక బానిస నడుస్తూ, ఎదురొచ్చేవాళ్ళ పేర్లు చెవిలో అందించేవాడట. ఈ ముక్క చెబుతూ భాస్కరం గారు మా మనవరాలి పేరు మరిచిపోయారు. మా ఆయన పక్కకి వంగి "మీరా" అని అందించారు. ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ కారులో కూడా అదే పని చేస్తూ వచ్చారని తరవాత సుధ చెప్పింది. అంతవరకూ నేనూ నవ్వాను.

ఆ తరవాత ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీరా తల్లీ, అసలు మీ తాతయ్యా నేనూ జెర్సీ సిటీలో రోమన్ రిపబ్లిక్ నడిపాం తెలుసా," అన్నారు. నా చేతిలో పెరుగు గిన్నె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాను.

ఇప్పుడు జెర్సీ సిటీలో నది ఒడ్డున నిలబడ్డ గాజు మేడలు చూసినవాళ్ళకి మేము ఉన్న జెర్సీ సిటీ చెప్పినా కనిపించదు. ఇటుక భవనం, కింద లాండ్రీ, పైన రెండు అంతస్తుల్లో ఎవరెవరో, మూడో దాంట్లో మేము నలుగురం: మా ఆయన, నేను, భాస్కరం గారు, యాదగిరి. పొద్దున్న లేచేసరికి కింద నుంచి సబ్బు ఆవిరి వాసన మెట్లెక్కి వచ్చేది. సాయంత్రం నా పోపు వాసన అదే మెట్లు దిగి వెళ్ళేది. చలికాలం గోడ పక్కనున్న హీటరు బుసకొడుతూ ఉండేది, దాని మీద నలుగురి సాక్సులు ఆరేవి. కందిపప్పు దొరకని వారాల్లో పసుపు బఠాణీ పప్పుతోనే సాంబారు. మా అమ్మ కవరులో పెట్టి పంపిన ఎండు కరివేపాకు పోపుకి ఒక ఆకు చొప్పున వాడేదాన్ని. పోపు పడగానే పొగ అలారం అరిచేది. హాల్లోంచి యాదగిరి పరిగెత్తుకొచ్చి న్యూస్‌పేపరుతో దానికి విసిరేవాడు. యాదగిరిది కరీంనగర్ వైపు. సివిల్ ఇంజనీరింగ్ చదువుతూ, క్యాంపస్ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేవాడు. మా అందరికంటే చిన్నవాడు, నన్ను వదినా అనేవాడు. ఇప్పుడు లేడు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పెళ్ళై ఏడాది కాలేదు. కెమిస్ట్రీలో బి.ఎస్సీ. ఫస్ట్ క్లాసులో పాసై, ఎఫ్-2 వీసా మీద వచ్చాను. అంటే చదువుకునే భర్తతో వచ్చిన భార్యని, ఉద్యోగం చేయకూడదు. నలుగురికీ వంట నేనే. ఎవరూ ఇది నీ పని అని చెప్పలేదు. నేను రాకముందు ముగ్గురూ వంతులవారీగా వండుకునేవారు, నేను వచ్చాక ఆ వంతులు ఆగిపోయాయి, అంతే. నాకు కోపం వచ్చే సంగతుల్లో ఇదొకటి: ఆ ఇంట్లో గ్యాసు బిల్లు మీద ఓటింగు జరిగింది, టీవీ ఎక్కడ పెట్టాలన్న దాని మీద జరిగింది, వంట మాత్రం ఏ ఓటింగూ లేకుండా నా మీదికి వచ్చింది.

ఓటింగు అన్నాను కదా. ఇంట్లో గొడవలు ఎక్కువవుతున్నాయని భాస్కరం గారు ఒక ఆదివారం రోమన్ పద్ధతి ప్రవేశపెట్టారు. ఇంటికి ఇద్దరు కాన్సుల్స్, అంటే ఇద్దరు పెద్దలు: ఆయన, మా ఆయన. ఒక నెల ఒకరి మాట చెల్లుతుంది, మరో నెల ఇంకొకరిది. రోమ్‌లో ఓట్లు డబ్బున్నవాళ్ళ వరసలో మొదలయ్యేవట. పై వరసలవాళ్ళతోనే మెజారిటీ తేలిపోతే అక్కడితో లెక్క ఆపేసేవారు, కింది వరసలవాళ్ళని పిలిచేవారే కాదు. మా ఇంట్లో అద్దె వరస పెట్టారు. కిటికీ ఉన్న గది భాస్కరం గారిది, ఎక్కువ అద్దె కట్టేది ఆయనే, కాబట్టి మొదటి ఓటు ఆయనది. రెండోది మా ఆయనది. మా ఇద్దరికీ కలిపి ఒక గది కాబట్టి ఒకే ఓటట. హాల్లో పరుపు మీద పడుకునే యాదగిరిది చివరి ఓటు. పైవాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉంటే అతన్ని అడగక్కర్లేదు. అతను చిన్నబుచ్చుకున్నాడని ట్రిబ్యూన్ పదవి ఇచ్చారు. రోమ్‌లో ట్రిబ్యూన్ అంటే సామాన్యుల తరఫు మనిషి. ఏ నిర్ణయాన్నైనా వద్దని ఆపే హక్కు ఉంది. సాయం కోరి ఎవరు ఏ వేళ వచ్చినా లోపలికి రావాలని రాత్రీ పగలూ ఇంటి తలుపు తెరిచి ఉంచాలి. హాల్లో పడుకునేవాడికి తలుపే లేదు కాబట్టి ఆ పదవికి నువ్వే తగినవాడివని అందరూ ఏడిపించారు.

మొదట్లో నేనూ ఆ ఆటకి నవ్వాను. భాస్కరం గారు తన కుర్తాకి సుద్దపొడి రాసుకుని హాల్లో తిరిగితే పొట్ట పట్టుకుని నవ్వాను. మగవాళ్ళు ముగ్గురూ పరుపుల మీద ఒరిగి, మోచేతి మీద ఆనుకుని తినేవారు; అదీ రోమన్ పద్ధతేనట. నేను స్టూలు మీద కూర్చునేదాన్ని, మాటిమాటికీ చపాతీకి లేవాలి కాబట్టి. "పూర్వం రోమ్‌లో కూడా ఆడవాళ్ళు కుర్చీలో నిటారుగా కూర్చునే తినేవారు చెల్లెమ్మా, నువ్వొక్కదానివే సరైన సంప్రదాయం పాటిస్తున్నావు," అనేవారు భాస్కరం గారు. దానికీ నవ్వాను.

అప్పుడు కింద లాండ్రీలో నోటీసు బోర్డు మీద ఒక కాగితం చూశాను. ఊళ్ళోనే ఉన్న చిన్న కాలేజీలో ఆస్పత్రి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు, సాయంత్రం క్లాసులు, వారానికి మూడు రోజులు. సర్టిఫికెట్లు పట్టుకుని నడిచి వెళ్ళాను. అక్కడి ఆవిడ నా కెమిస్ట్రీ మార్కులు చూసి కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. పది రోజుల్లో సీటొచ్చిందని ఉత్తరం వచ్చింది. మొదటి రోజు సాయంత్రం స్వయంగా హాజరై ఫీజు కట్టాలి, లేకపోతే సీటు వెయిటింగ్‌లో ఉన్నవాళ్ళకి పోతుంది. ఆ ఉత్తరం బియ్యం డబ్బా మీద పెట్టి, గంటె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, పప్పు అడుగంటింది.

మా ఆయనకి చెబితే సంతోషించారు. సంతోషించినట్టే కనిపించారు. కానీ చెక్కుబుక్కు ఆయనది, నా పేరు మీద ఏమీ లేదు. సాయంత్రాలు వంట ఎలా అన్నారు. ఆ మూడు రోజులూ మీరు ముగ్గురూ తలా ఒక రోజు వండండి, మునుపు వండుకున్నవాళ్ళే కదా అన్నాను. "ఇంట్లో నలుగురికీ సంబంధించింది కదా, సభలో పెడదాం. తేలాక చెక్కు రాస్తాను," అన్నారు. సభలో పెట్టారు. భాస్కరం గారు తన ఓటు చెప్పే ముందు చిన్న ఉపన్యాసం ఇచ్చారు. సెమిస్టరు మధ్యలో ఉన్నాం, యాదగిరి వండితే అందరం ఆస్పత్రి పాలవుతాం, అప్పుడు చెల్లెమ్మ చదువు మన మీదే పనికొస్తుంది అని. నవ్వులయ్యాక వద్దన్నారు. తరవాత మా ఆయన వంతు. ఆయన కమలాపండు ఒలుస్తున్నారు. తొక్క ముక్కలన్నీ ప్లేటు అంచున వరసగా పెట్టి, నా వైపు చూడకుండా, "ఈసారికి వద్దులే," అన్నారు. రెండు ఓట్లు. మెజారిటీ. సభ ముగిసింది. యాదగిరిని ఎవరూ అడగలేదు.

గిన్నెలు కడుగుతుంటే అతను వచ్చి తుడవడానికి గుడ్డ తీసుకున్నాడు. రెండు ప్లేట్లు తుడిచాడు. తరవాత, "నన్నెవ్వరు అడగలే వదినా. అడిగితే ఊఁ అందునే గదా," అన్నాడు. వాళ్ళు నీకిచ్చిన పదవి ఉంది కదా అన్నాను. "అది ఊకె ఇచ్చిండ్రు, నవ్వనీకి," అన్నాడు. అయినా మర్నాడు పరుపు మీద లేచి నిలబడి, వీటో అని గట్టిగా ప్రకటించాడు. భాస్కరం గారు ఎంత మురిసిపోయారో చెప్పలేను. చప్పట్లు కొట్టారు. ఇదీ రాజ్యాంగమంటే అన్నారు. ట్రిబ్యూన్ అడ్డుపడ్డాడు కాబట్టి నిర్ణయం రద్దయింది, మళ్ళీ ఓటు వేయాల్సిందే అన్నారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను. ఈలోగా మా ఆయన మనసు మార్చుకుంటారని నమ్మాను.

మర్నాడు సాయంత్రం సభకి అందరూ కూర్చున్నారు. భాస్కరం గారు కిటికీ దగ్గర నిలబడి, "నేను ఆకాశం చూస్తున్నాను," అన్నారు. ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే వివరించారు. రోమ్‌లో ఒక అధికారి ఆకాశం చూస్తున్నానని ప్రకటిస్తే చాలట. మెరుపు కనిపిస్తే దేవతలకి ఇష్టం లేదని శకునం. నిజంగా మెరవక్కర్లేదు, చూస్తున్నానంటే చాలు, ఆ రోజు సభ లేదు, ఓటు లేదు. ఒక కాన్సుల్ ఏడాదిలో చాలా భాగం ఇంట్లో తలుపేసుకుని కూర్చుని, ఆకాశం చూస్తున్నానని బయటికి కబురు పంపుతూ వచ్చాడట. మా ఆయన పడీపడీ నవ్వారు. యాదగిరి కూడా ముందు నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. మర్నాడూ ఆకాశమే. ఆ మర్నాడూ ఆకాశమే. బయట మామూలు జెర్సీ మబ్బు తప్ప ఏమీ లేదు.

పగలు వాళ్ళు వెళ్ళాక భాస్కరం గారి పుస్తకాలు తీసి చదవడం మొదలుపెట్టాను. మగవాళ్ళు పెట్టిన ఇలాంటి రాజ్యంలో ఆడవాళ్ళు ఏం చేశారో ఎక్కడో రాసే ఉంటారని వెతికాను. దొరికింది. ఆడవాళ్ళు బంగారం పెట్టుకోకూడదని, రంగు బట్టలు కట్టుకోకూడదని, ఊళ్ళో బండెక్కకూడదని యుద్ధకాలంలో ఒక చట్టం చేశారట. యుద్ధం అయిపోయినా తీయలేదు. తీసేద్దామంటే ఇద్దరు ట్రిబ్యూన్లు అడ్డుపడ్డారు. అప్పుడు రోమ్ ఆడవాళ్ళు ఇళ్ళల్లోంచి బయటికొచ్చి వీధులన్నీ నింపేశారు, సభకి వెళ్ళే మగవాళ్ళని ఆపి ఆపి అడిగారు, ఆఖరికి ఆ ఇద్దరి ఇళ్ళ ముందు మూగి, వాళ్ళు వీటో వెనక్కి తీసుకునేదాకా కదల్లేదు. ఓటు లేనివాళ్ళు చట్టాన్ని మార్పించారు. సాయంత్రం భాస్కరం గారు బూట్లు విప్పుతుండగానే ఆ పేజీ తీసి చూపించాను. ఆయన చదివి, మెచ్చుకోలుగా తలూపి, "వాళ్ళు ఊరంతా ఉన్నారు చెల్లెమ్మా, నువ్వొక్కదానివే," అన్నారు. అని కిటికీ దగ్గరికి వెళ్ళారు.

హాజరు కావాల్సిన సాయంత్రం వచ్చింది, వెళ్ళింది. ఆ వేళకి నేను చపాతీ పిండి కలుపుతున్నాను. చెక్కు లేకుండా వెళ్ళి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున్న ఆగలేక కాలేజీకి నడిచాను. ఆవిడ ఫైలు తీసి చూసి, సీటు వేరే అమ్మాయికి ఇచ్చేశామని చెప్పింది. ఆవిడ గొంతులో మర్యాదే ఉంది, అందుకే థాంక్స్ చెప్పి వచ్చేశాను. ఆ సాయంత్రం భాస్కరం గారు కిటికీ తెర పక్కకి లాగి, ఈ రోజు ఆకాశం నిర్మలంగా ఉంది, సభ పెట్టుకుందాం అన్నారు. పెట్టారు. ఆయన సరే అన్నారు. మా ఆయన సరే అన్నారు. ఈసారి ముచ్చటకి యాదగిరిని కూడా అడిగారు. ఏకగ్రీవం. నేను వంటింట్లోంచి విన్నాను. సీటు పోయిందని నేను చెప్పేదాకా వాళ్ళకి తెలియదు, నిజమే. చెప్పాక భాస్కరం గారు అయ్యో అన్నారు. వచ్చే సెమిస్టరుకి చేరుదువుగానిలే అన్నారు మా ఆయన. వచ్చే సెమిస్టరుకి సుధ కడుపులో ఉంది. ఆ తరవాత మా ఆయన ఉద్యోగం కోసం ఒహాయో, మళ్ళీ ఇంకో ఊరు. చాలా ఏళ్ళకి నాకూ ఉద్యోగం దొరికింది, కౌంటీ ఆఫీసులో నీళ్ళ బిల్లుల విభాగంలో. డిగ్రీ చేసి కొత్తగా వచ్చిన పిల్లలకి పని నేర్పేదాన్ని, రెండేళ్ళకి వాళ్ళు నాకు పైఅధికారులయ్యేవారు. రిటైరయ్యేదాకా అలాగే గడిచింది.

శనివారం రాత్రి భాస్కరం గారు ఈ కథంతా మీరాకి చెప్పారు. సుద్ద రాసిన కుర్తా, హాల్లో తలుపు లేని ట్రిబ్యూను, ఆకాశం చూడడం. ఆఖరికి ఏకగ్రీవంగా పాసైందని, ప్రజాస్వామ్యం గెలిచిందని చేయి పైకెత్తారు. మీరా నవ్వుతూ దేని మీద ఓటింగని అడిగింది. ఆయన నుదురు రుద్దుకున్నారు. "ఏదో వంట గొడవ. ఏమిటి మూర్తీ అది?"

మా ఆయన ప్లేటులోకి చూస్తూ, గుర్తులేదు, ఏదో ఉండే ఉంటుంది అన్నారు.

ఇంతకాలం ఆ జ్ఞాపకాన్ని మోసింది నేనొక్కదాన్నేనని అప్పుడు తెలిసింది. వాళ్ళ దగ్గర అది లేనే లేదు. శకునం పేరు గుర్తుంది, ఆ కాన్సుల్ ఎన్నాళ్ళు తలుపేసుకున్నాడో గుర్తుంది, దాని కింద నలిగిందేమిటో గుర్తులేదు.

"వంట గొడవ కాదు. నా చదువు," అన్నాను.

మీరాకి నేనే చెప్పాను, ఉత్తరం దగ్గర నుంచి మొదలుపెట్టి. సుధ లేచి నీళ్ళ జగ్గు తెచ్చి, పోయకుండా పట్టుకుని నిలబడింది. దానికీ ఇది తెలియదు. భాస్కరం గారు రెండుసార్లు మధ్యలో వచ్చారు, అదంతా సరదాకి కదా చెల్లెమ్మా అని. మూడోసారి, అంత బాధపడ్డావని అప్పుడే చెప్పాల్సింది అన్నారు.

"చెప్పాను. రోజూ చెప్పాను. మీరు ఆకాశం చూస్తున్నారు."

మీరా తన యాసలో, "అమ్మమ్మా, నువ్వు జస్ట్ వెళ్ళిపోవచ్చు కదా?" అంది. ఆ పిల్లని తప్పుపట్టను. దాని పేరు మీద బ్యాంకు కార్డు ఉంది, దాని కారు తాళం దాని సంచిలో ఉంది. మా చెల్లెలి మనవడు ఇప్పుడు జెర్సీ సిటీలోనే ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదువుతున్నాడు, ఆరుగురు ఒక అపార్ట్‌మెంట్‌లో. ఎవరు ఎప్పుడు వండాలో ఫోన్‌లోనే వంతులు వేసుకుంటారట, ఆడపిల్లలూ మగపిల్లలూ అని లేకుండా. గిన్నెలు కడగనివాడి మీద గ్రూపులో బొమ్మలు పెట్టి పరువు తీస్తారట. వింటే సంతోషమే. కానీ ఈ మార్పు దానంతటది వచ్చిందన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. మొన్నటి మా తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కి వేసిన కమిటీల్లో వేదికకి మగవాళ్ళ పేర్లు, పులిహోరకి ఆడవాళ్ళ పేర్లు. ఆ జాబితా వేసినవాళ్ళు నా కూతురి వయసువాళ్ళు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. మూడో అంతస్తులో కూడా ఎవరూ చెడ్డవాళ్ళు కారు.

ఆ రాత్రి మా ఆయన చాలాసార్లు పక్క మీద అటూ ఇటూ దొర్లారు. నేను అడగలేదు.

ఆదివారం ఉదయం, లైబ్రరీ వెనకున్న హాలు. పిల్లలు ముందు వరసల్లో చాపల మీద, పెద్దవాళ్ళు వెనక కుర్చీల్లో. భాస్కరం గారు బాగా మాట్లాడారు. మూత్రం మీద పన్ను దగ్గర పిల్లలు కిందపడి నవ్వారు. పవిత్రమైన కోళ్ళు గింజలు తినకపోతే యుద్ధం ఆపేసేవారని చెప్పారు. మా ఇంటి సంగతి మాత్రం ఎత్తలేదు. శనివారం చెప్పిన వాటిలో అదొక్కటే తీసేశారు. నా మీద గౌరవంతోనే తీసేసి ఉంటారు. కానీ నాకు ముందు రోజుకంటే ఎక్కువ కోపం వచ్చింది. నవ్వించేంత కాలం చెప్పుకున్నారు, నవ్వించదని తెలియగానే లేకుండా చేశారు.

ఎవరైనా ఏమైనా అడుగుతారా అన్నారు. నేను లేచి ముందుకి వెళ్ళి మైకు అందుకున్నాను. భాస్కరం గారు పక్కకి జరిగారు. పిల్లలకి తెలిసే తెలుగులో, చిన్న చిన్న మాటల్లో చెప్పాను. ఒక ఇల్లు, ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయికి వచ్చిన సీటు. రోమ్ పద్ధతిలో ఓటు. మొదటి అంకుల్ వద్దన్నారు, రెండో అంకుల్ వద్దన్నారు, మూడో అంకుల్‌ని అడగలేదు. ఆకాశం గురించి చెప్పాను. సీటు పోయిందని చెప్పాను. ఎవరి పేరూ చెప్పలేదు.

రెండు జడల పిల్ల ఒకతె చేయి ఎత్తింది. "సెకండ్ అంకుల్ ఎవరు?"

నేను చెప్పేలోపే వెనక కాఫీ బల్ల దగ్గర నుంచి, "నేనేనమ్మా," అన్నారు మా ఆయన.

హాలంతా వెనక్కి తిరిగింది. ఆ పిల్ల ఊరుకోలేదు. "వై? ఎందుకు నో చెప్పారు?"

ఇన్నేళ్ళలో నేను ఆయన్ని అడగని ప్రశ్న అది. అడిగితే ఏదో ఒక వంట కారణం చెబుతారని, అది విన్నాక ఆయనతో ఉండలేనేమోనని అడగలేదు. అందరితో పాటు నేనూ ఆయన వైపు చూశాను. ఆయన చేతిలో కాగితం కప్పు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టారు.

"అప్పుడు నేను రెండు సబ్జెక్టులు తప్పానమ్మా. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈవిడ చేరితే పాసవుతుందని తెలుసు."

నాకు ఆ సంగతి తెలియదు. ఏ పరీక్షలు, ఎప్పుడు తప్పారు, తరవాత ఎప్పుడు రాశారు, ఏదీ తెలియదు. భాస్కరం గారికీ తెలియదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది. సుధ మీరా భుజం మీద చేయి వేసింది.

ఆ పిల్ల మళ్ళీ నా వైపు తిరిగింది. "దెన్ ఆంటీ, మీరు లేటర్ పాస్ అయ్యారా?"

"లేదమ్మా, మళ్ళీ చేరలేదు," అన్నాను. మైకు బడి నడిపే అమ్మాయి చేతికిచ్చి, వెనక మా ఆయన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ దాటి, సుధ పక్కకి వెళ్ళి కూర్చున్నాను.